విక్టోరియా రాణి కాలపు ఆంగ్ల సంఘము: చదువుపై పన్ను, చదువుకై పన్ను

రాజు నడవడిని బట్టియే కాలము మంచిదో చెడ్డదో యగునని శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు బోధించెను. ఆంగ్లేయులును తమ చరిత్రలో నొక కాలమునకు తమ రాణి పేరే పెట్టుకొనిరి. 1837 జూన్ 20వ తేదీన, 18 ఏండ్ల ప్రాయమున సింహాసనమెక్కిన విక్టోరియా 1901 జనవరి 22వ తేదీన మరణించువరకు, అనగా 63 సంవత్సరముల 7 మాసములు రాజ్యము చేసెను. పొగబండ్లు, తంతి వార్తలు, ఆవిరి యోడలు లోకమంతటను వ్యాపించినది ఆ కాలముననే. దానిని విక్టోరియా యుగమనుట నేటికిని వాడుక. అయితే ఆ యుగమున సామాన్య ప్రజకు దక్కిన వానిలో మిక్కిలి మేలైనది ఏది, దానిని ఇచ్చిన వారెవరు అని విచారించినచో, భీష్ముని మాటకు కొంత వ్యాఖ్యానము అవసరమగును. ఆ మేలైనది చదువు. దానిని పేదవాని చేతి కందించినది కిరీటము కాదు. పెన్నీ యను చిన్న నాణెము.

ఆంగ్లేయుల నాణెముల లెక్క ముందుగా తెలియవలెను. ఆ కాలమున 12 పెన్నీలు ఒక షిల్లింగు. 20 షిల్లింగులు ఒక పౌను. అనగా పౌనునకు 240 పెన్నీలు. 1850వ సంవత్సర ప్రాంతమున ఇంగ్లండులో వ్యవసాయ కూలి వారమంతయు కష్టపడిన సగటున తొమ్మిదిన్నర షిల్లింగులు వచ్చుచుండెను. ఆరు దినముల పనికి పంచినచో రోజుకు 19 పెన్నీలు. దానిలోనే రొట్టె, బొగ్గు, ఇంటి అద్దె, పిల్లల గుడ్డలు. ఈ 19 పెన్నీలను మనసున నుంచుకొని తక్కిన కథ చదువవలెను.

రాణి సింహాసనమెక్కునాటికి ఆ దేశపు స్వరూపమే మారుచుండెను. మాంచెస్టరు, లీడ్సు మొదలగు పట్టణములలో ఆవిరి యంత్రములతో నడచు మిల్లులు లేచెను. రాట్నమును మగ్గమును గుడిసెలను విడిచి మిల్లులలో చేరగా, వాని వెంట మనుష్యులును చేరిరి. 1851వ సంవత్సరపు జనాభా లెక్కలలో మొదటిసారిగా పట్టణవాసులు పల్లెవాసులను మించిరి. పట్టణములు పెరిగినవి గాని బ్రతుకులు పెరుగలేదు. 1842లో గనులను గూర్చి విచారించిన సంఘము నివేదికను వెలువరించెను. పసిబిడ్డలు చీకటి సొరంగములలో గాలితలుపుల యొద్ద గంటల తరబడి కూర్చుండుటయు, స్త్రీలు నడుమునకు గొలుసు కట్టుకొని బొగ్గు బండ్లను లాగుటయు అందు బొమ్మలతో సహా అచ్చుపడెను. దేశము సిగ్గుపడెను. స్త్రీలను, బాలికలను, పదియేండ్లలోపు బాలురను గనులలోనికి దింపరాదని ఆ యేడే శాసనము పుట్టెను. 1847లో మిల్లులలోని స్త్రీలకును 18 ఏండ్లలోపు వారికిని దినమునకు పది గంటల పనియే యని మరియొక శాసనము వచ్చెను. చదువుటకు ముందు తీరిక కావలెను. తీరికకు మొదటి మెట్లు ఈ శాసనములే.

ఇక అక్షరజ్ఞానము. దీనికి సాక్ష్యము చెప్పు పుస్తకమొకటి కలదు. రాణి పట్టమునకు వచ్చిన పదునొకండవ దినమున, అనగా 1837 జూలై 1వ తేదీనుండి, ఇంగ్లండు, వేల్సులలో జనన మరణములను, పెండ్లిండ్లను ప్రభుత్వ పుస్తకములలో వ్రాయు ఏర్పాటు మొదలయ్యెను. పెండ్లి పుస్తకమున వధూవరులు చేవ్రాలు చేయవలెను. వ్రాయనేరని వారు నిశానీ గీటు పెట్టవలెను. 1841లో నూర్గురు వరులలో 33 మందియు, నూర్గురు వధువులలో 49 మందియు గీటు పెట్టిన వారే. చేవ్రాలు చేసిన వారందరును పుస్తకము చదువగలవారని కాదు. తమ పేరొక్కటి మాత్రము నేర్చిన వారును అందు కలరు. అయినను ఏటేట ఆ గీటులు ఎట్లు తగ్గుచు వచ్చెనో చూచుట ఆ యుగపు అసలు చరిత్రను చూచుటయే.

చదువ నేర్చినవానికైనను చదువుటకేమి దొరకెను? ఇచ్చటనే మొదటి పన్ను ఎదురగును. విక్టోరియాకు పూర్వమే, ఫ్రాన్సు దేశపు విప్లవమును చూచి బెదరిన ఆంగ్ల ప్రభువులు, కూలివాడు వార్తలు చదివినచో రాజ్యము కదలునని భయపడిరి. వార్తాపత్రికల యొక్క ప్రతి ప్రతిపైనను ముద్ర పన్ను ఉండెను. 1815లో దానిని నాలుగు పెన్నీలకు పెంచిరి. అందుచేత ఒక పత్రిక వెల ఏడు పెన్నీల వరకు పోయెను. కూలివాని దినభత్యములో మూడవవంతునకు మించిన వెల! పత్రికలోని ప్రకటనలపై నొక పన్ను. అచ్చువేయు కాగితముపై నొక పన్ను. ఇవియు చాలవన్నట్లు ఇంటి కిటికీలపై 1696 నుండి యొక పన్ను ఉండెను. పన్ను తప్పించుకొనుటకు జనులు కిటికీలను ఇటుకలతో మూసివేసిరి. చదువుటకు కాగితముపై పన్ను, చదువు వెలుతురుపై పన్ను. ఈ పన్నులలో పత్రికలకును కాగితమునకును సంబంధించిన వానిని ప్రజలు జ్ఞానముపై పన్నులని పిలిచిరి.

ప్రజలు దానిని ఊరక సహింపలేదు. హెన్రీ హెదరింగ్టను అను ముద్రాపకుడు 1831 నుండి ముద్ర లేని పత్రికను ఒక్క పెన్నీకే అమ్మెను. ఇది చట్టమునకు విరుద్ధముగా ప్రకటింపబడుచున్నదని ఆ పత్రిక మొదటి పుటపైననే అచ్చువేసెను! అతడు చెరసాలకు పోయెను. అట్టి పత్రికలను సంచులలో దాచి వీథులలో అమ్మిన వందలకొలది పేదలును చెరసాలకు పోయిరి. ఒకరు విడుదలయై వచ్చులోపల మరియొకరు సంచి భుజమున వేసికొనిరి. సారాయంగళ్లలోను, కాఫీ గృహములలోను, పనిశాలలలోను ఒకడు చదువ పదిమంది వినిరి. తెలుగు పల్లెలలో రచ్చబండపై భారతము చదివి వినిపించు వానిచుట్టు జనులు చేరినట్లే, అచ్చట పత్రిక చదువువాని చుట్టు చేరిరి. అక్షరము రానివానికిని ఆ విధముగా చదువు చెవిన పడెను.

ఆ పట్టుదలకు ఫలితము మెల్లమెల్లగా వచ్చెను. 1836లో ముద్ర పన్ను ఒక పెన్నీకి తగ్గెను. కిటికీ పన్ను 1851లోను, ప్రకటనల పన్ను 1853లోను, పత్రికల ముద్ర పన్ను 1855లోను తొలగెను. కాగితపు పన్ను మాత్రము గట్టి పట్టు పట్టెను. 1860లో కామన్సు సభ దానిని తీసివేయ నిశ్చయింపగా ప్రభువుల సభ త్రోసివేసెను. ఆర్థిక మంత్రి గ్లాడ్‌స్టను మరుసటి యేడు ఆ నిర్ణయమును బడ్జెటులోనే చేర్చి నెగ్గించెను. 1861తో జ్ఞానముపై పన్నుల కథ ముగిసెను. ఏడు పెన్నీల పత్రిక ఒక పెన్నీకి దిగివచ్చెను.

ఈ నడుమనే తపాలా వ్యవస్థయు మారెను. పూర్వము జాబునకు దూరమును బట్టి, కాగితముల లెక్కను బట్టి కూలి. దానిని సామాన్యముగా అందుకొనిన వాడే ఇచ్చుకొనవలెను. కూలి యిచ్చుకొనలేక బిడ్డ జాబును తిరుగగొట్టిన తల్లులు కలరు. రోలండు హిల్ అనునతడు లెక్కలు కట్టి, జాబు చేరవేయుటలో దూరమునకగు ఖర్చు మిక్కిలి స్వల్పమని నిరూపించెను. 1840 జనవరి 10వ తేదీనుండి దేశమున ఎచ్చటికైనను తేలికయైన జాబునకు ఒక్క పెన్నీయే. 1839లో సుమారు 7 కోట్ల 60 లక్షల జాబులు నడువగా, 1840లో అవి 16 కోట్ల 90 లక్షలకు పెరిగెను. వ్రాయుటకు ప్రయోజనము కనబడినప్పుడు వ్రాత నేర్వవలెనను కోరికయు కలిగెను.

పత్రికయు జాబును పెన్నీకి దిగినను పుస్తకము దిగలేదు. క్రొత్త నవలను మూడు సంపుటములుగా అచ్చువేసి ముప్పదియొకటిన్నర షిల్లింగులకు అమ్ముట నాటి ఆచారము. కూలివానికది మూడు వారముల జీతమునకు మించినది. కావున కలిగినవారును కొనక, మ్యూడీ వంటి వ్యాపారుల అద్దె గ్రంథాలయములలో ఏటికి 21 షిల్లింగుల చందా చెల్లించి, ఒక్కొక్క సంపుటమే తెచ్చుకొని చదువుచుండిరి. ఈ గోడకు మొదటి గండి కొట్టినవాడు చార్లెసు డికెన్సు. తండ్రి అప్పులకై చెరసాల పాలుకాగా, 12 ఏండ్ల ప్రాయముననే బూట్లకు పూయు నల్లరంగు సీసాలకు చీటీలంటించి కూలి చేసిన బాలుడతడు. 1836 నుండి అతడు పిక్విక్ కథను నెలకొక భాగముగా, భాగమొక షిల్లింగునకు వెలువరించెను. కథ ముగియునాటికి నెలకు 40,000 ప్రతులు అమ్ముడు పోయెను. పిదప అనాథశాలలోని బిడ్డ, అప్పుల చెర, కోర్టులలో నలిగిన కుటుంబము అతని నవలలలోనికి వచ్చెను. పేదవాడు కథలో పాత్రగా ప్రవేశించిన పిమ్మటనే చదువరిగాను ప్రవేశించెననవచ్చును.

అప్పటికే పనివారల విద్యాలయములని కొన్ని సంస్థలుండెను. జార్జి బిర్కుబెక్కు అను వైద్యుని పూనికతో 1823లో లండనున అట్టిదొకటి వెలసెను. రాత్రివేళ ఉపన్యాసములు, చిన్న పుస్తక భాండారము, పత్రికలు అందు లభించెను. అయితే చందా చెల్లింపగలవారే సభ్యులు. కాలక్రమమున పెక్కు చోట్ల యంత్రకార్మికులకంటె గుమాస్తాలే ఎక్కువగా కనబడిరి. దప్పిగొన్నవానికి నీరున్న బావి కనబడినను చేద లేని చందముగా ఉండెను.

ఆ చేదను చేసినవాడు ఎడ్వర్డు ఎడ్వర్డ్సు. ఇండ్లు కట్టు మేస్త్రీ కొడుకు. తానును తాపీ పట్టినవాడు. పెద్ద విద్యాలయముల ముఖము చూడక, దొరకిన పుస్తకములను చదివి స్వయముగా పండితుడై, 1839లో బ్రిటిషు మ్యూజియపు గ్రంథాలయమున చిన్న యుద్యోగమున చేరెను. ఐరోపా దేశములలోని గ్రంథాలయముల లెక్కలను సేకరించి, ఇంగ్లండునకంటె ఇతర దేశములే ఈ విషయమున ముందున్నవని వ్రాసెను. ఆ వ్రాతలు విలియం ఎవార్టు అను పార్లమెంటు సభ్యుని కంటబడెను. 1849లో ఎవార్టు ఒక విచారణ సంఘమును వేయించి ఎడ్వర్డ్సుచేత సాక్ష్యము చెప్పించెను. మరుసటి యేడు పౌర గ్రంథాలయముల శాసనము సభకు వచ్చెను.

సభలో వ్యతిరేకత తక్కువగా లేదు. గ్రంథాలయములు రాజద్రోహ ప్రసంగములకు నెలవులగునని కొందరు, పన్నుల భారము పెరుగునని కొందరు వాదించిరి. తనకు చదువుటయే యిష్టము లేదని, ఆక్సుఫర్డులో ఉన్నప్పుడును దానిని ద్వేషించితినని కర్నల్ సిబ్‌తార్పు అను సభ్యుడు నిండుసభలో చెప్పెను! ఎట్లకేలకు 1850లో శాసనమైతే అయ్యెను గాని చేతులు కట్టి విడిచినట్లే అయ్యెను. పదివేల జనసంఖ్య కలిగిన పట్టణములకే అది వర్తించును. పన్ను చెల్లించువారిలో ఓటు చేసినవారు మూడింట రెండువంతులు ఒప్పవలెను. ఆస్తి విలువ పౌనునకు అరపెన్నీ మించి వసూలు చేయరాదు. ఆ డబ్బుతో భవనము కట్టవచ్చును గాని పుస్తకములు కొనరాదు! పుస్తకములను దాతలు ఇత్తురట. 1855లో ఈ లోపమును దిద్దిరి. పన్ను పౌనునకు ఒక పెన్నీ వరకు పెరిగెను. పుస్తకములు కొనుటకును అనుమతి లభించెను. ఏటికి పది పౌనుల అద్దె విలువ గల చిన్న ఇంటివాడు చెల్లించునది సంవత్సరమునకు పది పెన్నీలు. కూలివాని అరదినపు కష్టమునకు కుటుంబమంతకు ఏడాది పొడుగున పుస్తకములు.

ఇచ్చటనే ఆ యుగపు విశేషము కలదు. తలిదండ్రుల తరమువారు చదువుపై పన్నును తీసివేయించుటకు చెరసాలలకు పోయిరి. వారి బిడ్డల తరమువారు చదువుకై పన్ను తమపై తామే వేసికొనిరి. మొదటి పన్నును ప్రభువులు ప్రజల నోరు మూయుటకు వేసిరి. రెండవదానిని ప్రజలు తమ కన్నులు తెరచుటకు వేసికొనిరి. మాంచెస్టరున ఓటు జరిగినప్పుడు దాదాపు నాలుగువేలమంది పన్నునకు అనుకూలముగా నిలువగా, కాదన్నవారు 40 మంది మాత్రమే. 1852 సెప్టెంబరున ఆ గ్రంథాలయము తెరువబడెను. డికెన్సును థాకరేయు ఆ సభకు వచ్చిరి. థాకరే మాటలాడుచు మధ్యలో గొంతు పట్టుకొనగా కూర్చుండిపోయెను. దానికి మొదటి గ్రంథపాలకుడు ఆ తాపీపనివాడు ఎడ్వర్డ్సే. ముక్కుసూటిగా పోవు స్వభావము చేత పాలకసంఘముతో విరోధము కలిగి 1858లో అతడు తొలగింపబడెను. ఒక మారుమూల పల్లెలో పేదరికమున 1886లో మరణించెను. దీపము వెలిగించినవాని యింట చీకటి యుండుట లోకమున క్రొత్త కాదు.

అన్ని పట్టణములును మాంచెస్టరు వలె ముందుకు రాలేదు. లండను నగరములోని పెక్కు భాగముల వారు ఏండ్ల తరబడి పన్ను వలదనిరి. గ్రంథాలయములోనికి వచ్చిన చదువరికిని పూర్తి స్వేచ్ఛ లేదు. పుస్తకములు బల్లకు ఆవల బీరువాలలో ఉండెను. ఏ పుస్తకము లోపల నున్నదో ఏది బయటికి పోయినదో తెలుపు అంకెల పలకను చూచి అడుగవలెను. చదువరి తానే బీరువా యొద్దకు పోయి పుస్తకమును తీసి చూచుకొను పద్ధతిని 1894లో క్లార్కెన్‌వెల్లున జేమ్సు డఫ్ బ్రౌను ప్రవేశపెట్టినప్పుడు, దొంగతనములు జరుగునని గొప్ప కలవరము పుట్టెను. జూదమునకు దారి యగునని కొన్ని చోట్ల పత్రికలలోని గుఱ్ఱపు పందెముల వార్తలపై సిరా పూసిరి. జనులు నవలలే తీసికొని పోవుచున్నారని పెద్దలు నిట్టూర్చిరి. కూలి చేసి అలసినవాడు కథతో మొదలుపెట్టుట తప్పు కాదని చెప్పిన గ్రంథపాలకులును కొందరుండిరి.

పాఠశాలలు తరువాతనే వచ్చెను. 1870లో ఫార్‌స్టరు తెచ్చిన విద్యాశాసనముతో బడులు లేని చోట్ల ఎన్నికైన బోర్డులు బడులు పెట్టసాగెను. ఆ బోర్డుల ఎన్నికలలో స్త్రీలకును పోటీచేయు హక్కు లభించెను. 1880లో పదియేండ్ల వరకు చదువు నిర్బంధమయ్యెను. 1891లో జీతము కట్టనక్కరలేక పోయెను. ఇప్పుడు ఆ పెండ్లి పుస్తకమును మరల తెరువవలెను. 1900లో నూర్గురిలో గీటు పెట్టినవారు వరులలో ముగ్గురు, వధువులలో ముగ్గురు. అరువది యేండ్ల క్రిందట సగమునకు సగముగా ఉన్న స్త్రీల గీటులు పురుషులతో సమముగా తగ్గిపోయెను. ఆ యుగము కట్టిన వంతెనలన్నింటికంటె ఇది పెద్ద వంతెన.

అయినను ఆ వంతెన ఒక చోటికి చేరలేదు. పల్లెకు చేరలేదు. పట్టణమున పౌనునకొక పెన్నీ వసూలు చేసినచో వేల పౌనులు కూడును. పల్లెలో అదే లెక్కకు కొన్ని పౌనులే కూడును. దానితో గది యద్దెయైనను గడువదు. మతగురువుల దయతో, భూస్వాముల దయతో నడచు చిన్న పఠన మందిరములే పల్లెలకు గతియయ్యెను. దయగలవారు లేనిచోట అదియు లేదు. పెన్నీ పరిమితిని తొలగించి, జిల్లా సంఘములకు గ్రంథాలయములు పెట్టు అధికారమిచ్చిన శాసనము 1919లో గాని రాలేదు. అప్పటికి రాణి మరణించి 18 ఏండ్లయ్యెను.

లెక్కకు జమ యున్నట్లే ఖర్చును కలదు. లంకషైరు మిల్లులకు అంగడిగా మారిన దేశములలో భారతదేశమొకటి. ఆ మిల్లు గుడ్డ వచ్చి పడుటచేత గోదావరి, కృష్ణా మండలములలో పెక్కు మగ్గములు మూలబడెను. 1876 నుండి 1878 వరకు ధాత కరువు దక్షిణ దేశమును దహించెను; కడప, కర్నూలు, బళ్లారి సీమలలో ఊళ్లకు ఊళ్లు పాడుపడెను. ఆ కరువు నడుమనే, 1877 జనవరి 1వ తేదీన, ఢిల్లీలో మహా వైభవముగా దర్బారు జరిపి విక్టోరియాను భారత చక్రవర్తినిగా చాటిరి. ఇంగ్లండున పత్రికలకు సంకెళ్లు తెగిన 17 ఏండ్లకు, 1878లో, ఇచ్చటి దేశభాషా పత్రికలను అణచుటకు లిట్టను ప్రభువు చట్టము చేసెను. మదరాసు రాజధానికి అది వర్తింపకున్నను, 1882లో రిప్పను ప్రభువు దానిని తొలగించువరకు దేశమునకది అవమానముగనే ఉండెను. ఒకే రాణి, ఒకే కాలము. అచ్చట ఒక న్యాయము, ఇచ్చట ఒక న్యాయము. కాలమునకు రాజే కారణమైనచో ఈ భేదమునకు కారణమేమి? అచ్చటి ప్రజకు ఓటును, సంఘబలమును క్రమముగా చేకూరెను; ఇచ్చటి ప్రజకు అవి లేవు. భేదము అందున్నది.

ఆ బలమును తెలుగువారును గ్రంథాలయముల ద్వారమున వెదకికొనిరి. రాణి మరణించిన 1901లోనే, సెప్టెంబరు 1వ తేదీన, హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు, తెలుగునకు రాజాదరణ లేని చోట, దానిని నిలిపిరి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్య మొదలగువారు ఊరూర తిరిగి పుస్తక భాండారములు పెట్టించిరి. 1935లో పాతూరి నాగభూషణము పూనికతో పుస్తకములు పడవనెక్కి కృష్ణా కాలువపై పల్లెలకు పోయెను. ఇంగ్లండున పట్టణముతో మొదలై పల్లెను మరచిన పని, తెలుగుదేశమున పల్లెనుండియే బలము పుంజుకొనెను. రంగనాథన్ గారి కృషితో 1948లో మదరాసు రాష్ట్రమునను, పిమ్మట 1960లో ఆంధ్రప్రదేశమునను గ్రంథాలయ శాసనములు వచ్చి, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును చేరెను. మాంచెస్టరు పెన్నీకి అది మనుమరాలు.

రశీదులో ఆ చిన్న పద్దును చూచి, ఇది దేనికని విసుగుకొను గృహస్థుడు ఏ ఊరనైనను ఉండును. అతనికి హెదరింగ్టను చెరసాలయు, ఎడ్వర్డ్సు పేదరికమును తెలియవు. అయితే పన్ను చెల్లించుటతో ఋణము తీరదు. తాళము తీయని బీరువాలోని పుస్తకము, ముద్ర పన్ను వేసిన పత్రికకంటెను అందనిది. ఆ పన్నును చట్టము తొలగించెను. ఈ తాళమును చదువరియే తీయవలెను. పోతన తన భాగవతమును రాజునకు అంకితమీయ నొల్లలేదని తెలుగువారు గర్వముతో చెప్పుకొందురు. రాజుల కీయని ఆ సొత్తు చదువరులదే యయ్యెను. రాజు కాలమునకు కారణమని భీష్ముడు చెప్పినది రాజులున్న నాటి మాట. ప్రజయే రాజైన నాడు కాలపు మంచిచెడ్డల బాధ్యతయు ప్రజదే. ఇరువదియైదేండ్లుగా తన ద్వారమును సాయంకాలమున తెరచియుంచిన పల్లె గ్రంథాలయము, ఆ బాధ్యతను ఎవరును పిలువకయే నెరవేర్చినదగును.